నిమ్మకు నీరెత్తడం ఎలా?



మొన్న తెలుగు పీరియడ్‌లో జాతీయాలు చెప్పారు. "నిమ్మకు నీరెత్తినట్టు" అనే జాతీయానికి సొంత వాక్యం రాయమన్నారు. ఏం జరిగినా తనకేం పట్టనట్టు చల్లగా కూర్చునే వాళ్ళని అలా అంటారంట. అందరూ రాశారు. నేను రాయలేదు. వాక్యం రాక కాదు. నాకు మా ఇంటికాడి నిమ్మచెట్టు గుర్తుకొచ్చింది. దానికి నీరెత్తడం తెలియక నేనే దాన్ని చంపాను.

ఈ నెల గోడ పత్రికలో సైన్సు పాఠం రాసే వంతు నాది. అందుకని నిమ్మచెట్టు గురించే రాస్తున్నాను. ఇందులో కొంత పుస్తకంలోది, కొంత మా అవ్వ చెప్పింది, కొంత మన హాస్టల్ వెనక చెట్టు కాడ మనమందరం చూసింది. నా తప్పు కూడా రాశాను. చదివి నవ్వొద్దు.

మా ఇంటి నిమ్మచెట్టు

మాది పెనుకొండ కొండల అవతల ఒక సుగాలి తండా. మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేనే. నేను 5వ తరగతిలో ఇక్కడ చేరినప్పుడు మా నాయన బెంగళూరు కూలి పని నుంచి వస్తా హిందూపురంలో దిగి ఒక నిమ్మ అంటు కొనుక్కొచ్చినాడు. "పాప బడికి పోతాంది, ఇంటికాడ దాని బదులు ఇది ఉంటది" అని వసారా పక్కన నాటినాడు. మా అవ్వ దాన్ని "పాప చెట్టు" అనేది. బోరులో నీళ్ళు రాని రోజు కూడా తను తాగే బిందెలో నుంచి ఒక చెంబు దానికి పోసేది.

మూడో ఏడు అది పూత పట్టింది. అప్పుడు నేను 7వ తరగతి పరీక్షలు రాసి వేసవి సెలవులకు ఇంటికి పోయినాను. ఇంట్లో ఒక సంచిలో మిగిలిన యూరియా ఉంది. సంచి మీద రాసింది చదవమని మా నాయన అడిగినాడు. "నత్రజని 46 శాతం" అని గట్టిగా చదివినాను. పక్కింటివాళ్ళు కూడా వచ్చి విన్నారు. నాకు చాలా గర్వమనిపించింది. నత్రజని మొక్కలకు మంచిది అని మా పుస్తకంలో ఉంది కదా. రెండు దోసిళ్ళు తీసి చెట్టు మొదట్లో కుప్పగా పోసినాను. "ఇంతెందుకు పాపా?" అని అవ్వ అడిగింది. "నీకు తెలియదులే అవ్వా, పుస్తకంలో ఉంది" అన్నాను. ఆ వారం బోరు ఎండిపోయింది. ఒక్క చెంబు నీళ్ళు మాత్రం పోసినాను.

రెండు రోజులకు నేను పెద్దమనిషినయ్యాను. నన్ను వసారాలో ఒక పక్కన కూర్చోబెట్టారు. నిమ్మచెట్టు నా చెయ్యి అందేంత దూరంలోనే ఉంది. నాలుగో రోజుకి ఆకుల అంచులు మాడినాయి. వారానికి పూత, ఆకు అంతా రాలిపోయింది. అవ్వ చెట్టు కాడ కూర్చోని ఏడ్చింది. "బయటున్న పిల్ల నీడ పడింది, అందుకే మాడింది. మా కాలం నుంచి చూస్తానే ఉన్నాం" అంది. తండాలో అందరూ అదే మాట. యూరియా సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను కూడా నమ్మినాను. రెండు సంవత్సరాలు నేను ఏ చెట్టుకూ దగ్గరగా పోలేదు. బయటున్న రోజుల్లో అయితే మన హాస్టల్ తోటలో దారి కూడా మార్చి నడిచేదాన్ని.

చెట్టు నిజంగా ఎందుకు చచ్చింది?

ఈ సంవత్సరం జీవశాస్త్రంలో ద్రవాభిసరణం పాఠం వచ్చింది. టీచర్ ఒక ఆలుగడ్డను రెండు ముక్కలు చేసి, ఒకటి మంచినీళ్ళలో, ఒకటి బాగా ఉప్పు కలిపిన నీళ్ళలో వేశారు. సాయంత్రానికి మంచినీళ్ళ ముక్క గట్టిగా ఉంది. ఉప్పునీళ్ళ ముక్క మెత్తబడి వేలాడిపోయింది. దానిలోని నీరు బయటికి పోయింది.

ఇది మనకు తెలిసిందే. నిమ్మకాయ ఊరగాయ పెట్టేటప్పుడు ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో పెడతారు. మనం ఒక్క చుక్క నీళ్ళు పొయ్యం. అయినా మరుసటి రోజుకి ఊట వస్తుంది. ఆ ఊట ముక్కల్లో నుంచే వచ్చింది. బయట ఉప్పు ఎక్కువ ఉంటే లోపలి నీరు బయటికి వస్తుంది.

వేరు కూడా అంతే. నేలలో నీళ్ళు ఎక్కువ, లవణం తక్కువ ఉంటేనే వేరు నీరు తాగుతుంది. యూరియా ఎండిన నేలలో కుప్పగా ఉంటే, కొంచెం నీళ్ళు తగలగానే గట్టి ద్రావణం అయిపోతుంది. అప్పుడు వేరు తాగలేదు. వేరులో ఉన్న నీరే బయటికి పోతుంది. చెట్టు నీళ్ళ పక్కనే ఉండి దప్పికతో చచ్చిపోతుంది. మా చెట్టు అట్ల చచ్చిపోయింది.

ఆ రోజు పాఠం అయిపోయినాక నేను బాత్‌రూమ్‌ల వెనక పోయి ఏడ్చినాను. ఎందుకో చెప్తాను. తప్పు నాదే. కానీ రెండేళ్ళు నేను మోసిన తప్పు మాత్రం అది కాదు. నా ఒంట్లో ఏ విషమూ లేదు. కొలత తెలియకుండా, అడిగిన పెద్దమనిషికి జవాబు చెప్పకుండా, సగం చదివి చేసిన పని అది.

మన హాస్టల్ చెట్టు

జూన్‌లో బడి తెరిచినప్పుడు హాస్టల్ వెనక నిమ్మచెట్టును కొట్టేద్దామని అనుకున్నారు. కాయ కాయదు, ముళ్ళకు బట్టలు చినుగుతున్నాయి అని. నేను, ఇంకో నలుగురు పోయి వార్డెన్ మేడం గారిని అడిగినాం. "ఒక్క సంవత్సరం చూద్దాం. ఏం చేసేదీ రాసి పెట్టండి" అన్నారు. అప్పటి నుంచి ఒక నోటు పుస్తకం పెట్టినాం. చెట్టుకు ఉన్న కష్టాలు నాలుగు కనపడ్డాయి.

1. బట్టలు ఉతికిన సబ్బు నీళ్ళు నేరుగా మొదట్లోకి పోతున్నాయి.
2. తాగునీటి మిషన్ నుంచి వదిలేసే నీళ్ళు కూడా అక్కడికే పోతున్నాయి. ఆ మిషన్ మంచినీళ్ళు మనకిచ్చి, ఉప్పులన్నీ మిగిలిన నీళ్ళలో వదిలేస్తుంది. అది చెట్టుకు మంచిది కాదు.
3. బట్టలు ఆరేసే తీగను కాండానికి చుట్టినారు. కాండం లావయ్యేకొద్దీ తీగ బెరడులోకి దిగిపోయింది. ఆకులు తయారు చేసిన ఆహారం బెరడు గుండానే వేర్లకు దిగుతుంది. తీగ ఆ దారిని బిగించేసింది.
4. ఆకులు చిన్నవిగా, ఈనెలు పచ్చగా, ఈనెల మధ్య పసుపుగా ఉన్నాయి. ఇది జింకు లోపం.

వాచ్‌మన్ అన్న కటింగ్ ప్లేయర్‌తో తీగ కత్తిరించి తీసినాడు. ఇప్పుడు తీగ ఇనుప స్తంభాలకు ఉంది. మేము పారతో చిన్న కాలువ తీసి సబ్బు నీళ్ళను మురుగు కాలువలోకి మళ్ళించినాం. ఎండిన కొమ్మలు కోసేసినాం. తరువాత ఏమైందో చివర్లో చెప్తాను. ముందు పాఠం.

మొక్క నాటే పద్ధతి

నిమ్మ, చీనీ, నారింజ, దబ్బ అన్నీ ఒకే కుటుంబం. మన అనంతపురం వైపు చీనీ తోటలు చాలా ఉన్నాయి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ ముందు అనంతపురం జిల్లాలోనే ఉండేవి. 2022 ఏప్రిల్ 4 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. జిల్లా మారినా వాన మారలేదు. ఇక్కడ సంవత్సరానికి సుమారు 550 మిల్లీమీటర్లే పడుతుంది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఎక్కువగా పడుతుంది. అందుకని వానలు మొదలైనాక నాటితే మొక్కకు కష్టం తక్కువ.

విత్తనం నుంచి: బాగా పండిన కాయలోని గింజలను కడిగి, ఎండబెట్టకుండా ఆ రోజో మరుసటి రోజో నాటాలి. ఎండిన గింజ సరిగా మొలవదు. రెండు మూడు వారాల్లో మొలక వస్తుంది. ఒక వింత చూడండి. నిమ్మ గింజ ఒక్కదానిలో నుంచి రెండు మూడు మొలకలు కూడా వస్తాయి. వాటిలో చాలావరకు తల్లి చెట్టు లాంటివే. కానీ కాయ కాయడానికి నాలుగైదు సంవత్సరాలు పడుతుంది.

అంటు నుంచి: నర్సరీలో కొంటే మూడో ఏటికే కాపు మొదలవుతుంది. తిరుపతి పరిశోధన స్థానం నుంచి వచ్చిన 'బాలాజీ' రకం గజ్జి తెగులును బాగా తట్టుకుంటుంది. దొరికితే అదే అడగండి.

గుంత: రెండు అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు, రెండు అడుగుల లోతు. పైమట్టి ఒక పక్క, లోపలి మట్టి ఒక పక్క వెయ్యాలి. పైమట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు రెండు గంపలు కలిపి గుంత నింపాలి. పచ్చి పేడ వెయ్యకూడదు, వేడి చేసి వేర్లను కాలుస్తుంది, చెదలు కూడా వస్తాయి. అంటు కట్టిన చోటు నేలకు జానెడు పైన ఉండాలి. మట్టిలో పూడిస్తే అక్కడ కుళ్ళు వస్తుంది.

చోటు: రోజంతా ఎండ తగిలే చోటు కావాలి. గోడకు మరీ దగ్గర వద్దు. నిమ్మ ముళ్ళ చెట్టు కాబట్టి నడిచే దారికి కొంచెం ఎడంగా పెట్టాలి.

నీరెత్తడం

ఇదే అసలు పాఠం. చెట్టు మొదట్లో నీళ్ళు పొయ్యకూడదు. పైన చెల్లెలు వేసిన బొమ్మ చూడండి. కాండం చుట్టూ చిన్న కట్ట, దాని బయట పెద్ద కట్ట. నీళ్ళు రెండు కట్టల మధ్య పల్లెంలో పొయ్యాలి. కాండానికి తడి తగలకూడదు. తగిలితే బెరడు కుళ్ళి బంక కారుతుంది. నీళ్ళు తాగే సన్న వేర్లు మొదట్లో ఉండవు, కొమ్మల చివర నీడ పడే చోటు కింద ఉంటాయి. చెట్టు పెరిగేకొద్దీ కట్టను కూడా బయటికి జరపాలి.

ఎప్పుడు పొయ్యాలి? గడియారం చూసి కాదు, నేల చూసి. వేలు రెండు కణుపులు మట్టిలోకి దించండి. లోపల చల్లగా, తడిగా ఉంటే వద్దు. పొడిగా ఉంటే పొయ్యండి. రోజూ కొంచెం కొంచెం చిలకరించడం కన్నా, ఆగి ఆగి నిండుగా పొయ్యడం మంచిది. చిలకరిస్తే వేర్లు పైపైనే ఉండిపోతాయి. నిండుగా పోస్తే లోతుకు పోతాయి. పల్లెంలో ఎండు ఆకులు, వేరుశనగ పొట్టు పరిస్తే తడి ఆరదు.

ఏ నీళ్ళు? మనది నీళ్ళు ఎక్కువ ఉన్న చోటు కాదు. అందుకని వంటగదిలో బియ్యం కడిగిన నీళ్ళు పోస్తున్నాం. రోజూ రెండు బకెట్లు వస్తాయి. బకెట్‌కు 15 లీటర్లు అనుకుంటే 30 లీటర్లు. వారానికి 210 లీటర్లు. ముందు అవి కాలువలో పోయేవి. ఇప్పుడు నిమ్మ, మునగ, కరివేపాకు మూడు చెట్లూ ఆ నీళ్ళతోనే బతుకుతున్నాయి. సబ్బు నీళ్ళు, ఉప్పు నీళ్ళు, అన్నం గంజి పొయ్యొద్దు. గంజికి చీమలు వస్తాయి.

ఎరువు

ఇంటి చెట్టుకు ఏడాదికి రెండుసార్లు మాగిన పశువుల ఎరువు చాలు. వాన మొదట్లో ఒకసారి, పూతకు ముందు ఒకసారి. కాండానికి ఎడంగా, పల్లెంలో చల్లి, మట్టి కలిపి, వెంటనే నీళ్ళు పెట్టాలి. యూరియా వెయ్యాలనుకుంటే వ్యవసాయం తెలిసిన వాళ్ళను అడిగి, తూచి, తడి నేలలోనే వెయ్యాలి. దోసిలి కొలత కాదు. ఈ మాట నేను రాస్తేనే బాగుంటుంది.

జింకు లోపానికి లీటరు నీళ్ళకు 5 గ్రాముల జింక్ సల్ఫేట్, అందులో సగం సున్నం కలిపి వడకట్టి, సాయంత్రం పూట ఆకుల మీద పిచికారి చెయ్యాలి. మాకు టీచర్ ల్యాబ్ తక్కెడలో తూచి ఇచ్చారు. కొత్త చిగురు వచ్చినప్పుడు చేస్తే బాగా పట్టుకుంటుంది.

పురుగులు, తెగుళ్ళు

సీతాకోకచిలుక పురుగు: నలుపు, పసుపు మచ్చల సీతాకోకచిలుక లేత ఆకు మీద ఒక్కొక్క గుడ్డు పెడుతుంది. చిన్న పురుగు పిట్ట రెట్ట లాగా ఉంటుంది. పిట్టలు దాన్ని చూసి రెట్ట అనుకొని వదిలేస్తాయి. పెద్దదైతే ఆకుపచ్చగా అవుతుంది. ముట్టుకుంటే తలకాడ నుంచి ఎర్రని కొమ్ములు బయటపెట్టి ఘాటు వాసన వదుల్తుంది. భయపడొద్దు. కరవదు. చిన్న మొక్కను నాలుగు రోజుల్లో మోడు చేస్తుంది కాబట్టి చేత్తో ఏరేయాలి. ఒకదాన్ని మేము డబ్బాలో ఆకులేసి పెంచినాం. గూడు కట్టి సీతాకోకచిలుక అయిపోయింది. 6వ తరగతి చెల్లెళ్ళు కిటికీలో నుంచి వదిలేశారు.

పాముపొడ పురుగు: లేత ఆకు మీద వెండి రంగు వంకర గీతలు. ఆకు ముడుచుకుంటుంది. 50 గ్రాముల వేపగింజల పొడిని లీటరు నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, పొద్దున వడకట్టి, కొంచెం సబ్బు కలిపి చల్లాలి.

గజ్జి తెగులు: ఆకుల మీద, కాయల మీద గరుకు గోధుమ రంగు మచ్చలు. ఆకు మచ్చ చుట్టూ పసుపు వలయం ఉంటుంది. ఇది బాక్టీరియా వల్ల వస్తుంది. వాన చినుకుల తోటి ఒక ఆకు నుంచి ఇంకో ఆకుకు పోతుంది. పాముపొడ పురుగు చేసిన గాయాల్లో నుంచి సులువుగా లోపలికి పోతుంది. అందుకని ముందు ఆ పురుగును ఆపాలి. గజ్జి పట్టిన కొమ్మలు వానలకు ముందే కోసి కాల్చేయాలి. కాయ తొక్క మీద గజ్జి ఉన్నా రసం వాడుకోవచ్చు.

బంక కారడం: కాండం మొదట్లో నీళ్ళు నిలిస్తే వస్తుంది. కుళ్ళిన బెరడు గోకి బోర్డో పేస్టు పూయాలి. అది మైలుతుత్తం, సున్నం కలిపి చేస్తారు. పెద్దవాళ్ళతో చేయించాలి.

నీరు కొమ్మలు: మొదట్లో నుంచి నిటారుగా లావుగా లేస్తాయి. కాయ కాయవు. అంటు కింద నుంచి వచ్చినవి వెంటనే తీసేయాలి.

పూత, కాయ

నిమ్మకు జనవరి, ఫిబ్రవరి నెలల్లో ముఖ్యమైన పూత వస్తుంది. మిగతా కాలాల్లో కూడా కొంచెం కొంచెం వస్తుంది. పూత నుంచి కాయ పక్వానికి ఐదారు నెలలు పడుతుంది. ఎండాకాలంలో కాయలు తక్కువ, గిరాకీ ఎక్కువ. 2022 ఎండాకాలంలో నిమ్మకాయ ధర దేశమంతా పెరిగిపోయింది. మా పిన్ని ధర్మవరం అంగట్లో ఒక్క కాయ కొనడానికి బేరమాడి వట్టి చేతులతో వచ్చింది. ఇంటికాడ ఒక చెట్టు ఉంటే ఆ బాధ లేదు.

పూతలో ఎక్కువ భాగం, పిందెలో కొంత భాగం రాలిపోవడం సహజం. చెట్టు తను మోయగలిగినన్నే ఉంచుకుంటుంది. పూత మీద మందు చల్లొద్దు. తేనెటీగలు చచ్చిపోతాయి.

నిమ్మకాయ మనకెందుకు?

పూర్వం సముద్రం మీద నెలల తరబడి పోయే నావికులకు చిగుళ్ళ నుంచి రక్తం కారి, పాత గాయాలు మళ్ళీ పగిలి, చచ్చిపోయేవారు. ఆ జబ్బు పేరు స్కర్వీ. 1747లో జేమ్స్ లిండ్ అనే డాక్టరు 'సాలిస్‌బరీ' అనే ఓడలో 12 మంది రోగులను ఇద్దరిద్దరుగా విడదీసి, ఒక్కొక్క జంటకు ఒక్కొక్క రకం మందు ఇచ్చాడు. ఒక జంటకు నారింజలు, నిమ్మకాయలు ఇచ్చాడు. వాళ్ళిద్దరే ఆరు రోజుల్లో బాగా కోలుకున్నారు. అయినా ఇంగ్లండు నౌకాదళం నిమ్మరసం ఇవ్వడం 1795లో మొదలుపెట్టింది. కళ్ళతో చూసిన నిజాన్ని ఒప్పుకోవడానికి 48 సంవత్సరాలు. మా అవ్వ రెండు సంవత్సరాలకే విన్నది. అది తరువాత చెప్తాను. నిమ్మలో ఉన్నది విటమిన్ సి.

మనకు స్కర్వీ లేదు. కానీ రక్తం తక్కువ ఉంది. జులైలో నర్సమ్మ పరీక్ష చేస్తే నాకు 9.2 వచ్చింది. మన వయసు ఆడపిల్లలకు 12 ఉండాలి. రాగి సంకటిలో, పప్పులో, ఆకుకూరలో ఇనుము ఉంది. కానీ ఒంటికి పట్టేది కొంచెమే. దానితో పాటు విటమిన్ సి ఉంటే ఎక్కువ పడుతుంది. అందుకని ఆకుకూర పప్పు మీద, ఉగ్గాని మీద నిమ్మకాయ పిండుకోవాలి. పొయ్యి మీద నుంచి దించినాకే పిండాలి. ఉడికితే విటమిన్ సి పోతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగొద్దు, అది ఇనుమును పట్టనివ్వదు. వారం వారం ఇచ్చే నీలం మాత్ర కిటికీలో నుంచి పారేయొద్దు. పారేసే వాళ్ళెవరో నాకు తెలుసు, పేర్లు రాయను. జనవరిలో నాకు 11.1 వచ్చింది. అంతా నిమ్మకాయ వల్లే అని చెప్పను. మాత్రలు, ఆకుకూర, నిమ్మకాయ మూడూ కలిసి చేసిన పని.

మేము చేసిన పరీక్ష

ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించినాను. ఇది ఆడపిల్లల హాస్టలే కదా అని రాస్తున్నాను.

చెట్టుకు నీళ్ళు పోసే వంతులు వేసినప్పుడు కొందరు అక్కలు "మేము బయట ఉన్నాం, రాం" అన్నారు. నేను కూడా అదే అనేదాన్ని. అప్పుడు మేము ఒక మాట అనుకున్నాం. జేమ్స్ లిండ్ లాగా చూద్దాం. ఎవరు ఏ రోజుల్లో ఉన్నా వంతు మారదు. ఎవరి పేరూ రాయం. నీళ్ళు పోసిన రోజుకు ఒక గీత. పోసిన పిల్ల బయట ఉంటే గీత మీద ఒక చుక్క. ఆకు మాడితే గుండ్రం చుట్టాలి.

జులై నుంచి జనవరి దాకా చుక్కలు 37 పడ్డాయి. చుక్క పడిన తరువాత ఆకు మాడడం ఒక్కసారి కూడా జరగలేదు. గుండ్రం మాత్రం ఒకటి ఉంది. అది సెప్టెంబరులో కాలువ పూడిపోయి సబ్బు నీళ్ళు మళ్ళీ మొదట్లోకి వచ్చిన వారం. కాలువ తీసినాక సర్దుకుంది. ఒక చెట్టుతో అంతా తేలిపోదు అని టీచర్ అన్నారు. నిజమే. మీ ఇళ్ళకాడ మీరు కూడా గీతలు పెట్టండి. అందరివీ కలిపితే పెద్ద లెక్క అవుతుంది.

ఊరగాయ సంగతి కూడా అంతే. ఊరగాయ తడి గరిటె వల్ల బూజు పడుతుంది, మన వల్ల కాదు. ఈ రోజుల్లో మనకు నడుము నొప్పిగా ఉంటే వంతు మార్చుకోవచ్చు. అది విశ్రాంతి కోసం. చెట్టుకు భయపడి కాదు.

ఇంటికాడ ఏం జరిగింది

దసరా సెలవుల్లో నేను ఇంటికి పోయి అవ్వకు యూరియా సంగతి చెప్పినాను. ద్రవాభిసరణం అంటే అవ్వకు తెలియదు. అందుకని ఊరగాయ జాడీ చూపించి, "ఉప్పు వేస్తే ముక్కలో నుంచి ఊట ఎట్ల వచ్చింది అవ్వా? వేరులో నుంచి కూడా అట్లనే వచ్చింది. ఆ పొద్దు ఇంతెందుకు అని నువ్వు అడిగితివి. నేను వినలేదు" అన్నాను. అవ్వ చాలాసేపు జాడీలోకే చూసింది. ఏమీ అనలేదు. సాయంత్రం నాయనతో, "హిందూపురం పోతే ఇంకో నిమ్మ మొక్క తీసుకురా" అంది.

పాత గుంతకు ఐదు అడుగుల దూరంలో కొత్త మొక్క నాటినాం. రెండు కట్టలూ నేనే కట్టినాను.

సంక్రాంతికి పోయినప్పుడు నేను మళ్ళీ బయట ఉన్నాను. వసారాలో కూర్చోని ఉంటే అవ్వ నీళ్ళ చెంబు పట్టుకొని వచ్చింది. నా వైపు చూసింది, మొక్క వైపు చూసింది. చెంబును నా చేతికి ఇవ్వలేదు. నా ముందర నేల మీద పెట్టి లోపలికి పోయింది. నేను వేలు దించి చూసినాను. నేల పొడిగా ఉంది. రెండు కట్టల మధ్య పోసినాను.

నేను వచ్చేటప్పటికి ఆ మొక్కకు ఆరు కొత్త ఆకులు ఉన్నాయి. నాయన ఫోన్ చేసినప్పుడల్లా ముందు ఆకులు ఎన్నో అడుగుతాను.

మన హాస్టల్ చెట్టుకు ఈ నెల మొదటి వారంలో పిందెలు లెక్కపెట్టినాం. 41 ఉన్నాయి, బఠాణీ గింజంత. నిన్నటికి 10 రాలిపోయి 31 మిగిలాయి.

వార్డెన్ మేడం గారికి మా విన్నపాలు

1. ఒక్క సంవత్సరం అన్న గడువు జూన్‌తో అయిపోతుంది. పిందె పట్టిన చెట్టును కొట్టొద్దని కోరుతున్నాం.
2. వేసవి సెలవుల్లో మేము ఇళ్ళకు పోతాం. ఆ నెలన్నర చెట్టుకు నీళ్ళు పోసే ఏర్పాటు చెయ్యాలి. అప్పుడే కాయ ఊరే కాలం.
3. తాగునీటి మిషన్ వదిలేసే నీళ్ళను బాత్‌రూమ్‌లు కడగడానికి మళ్ళిస్తే చెట్టూ బతుకుతుంది, మంచినీళ్ళూ మిగులుతాయి.
4. కాయలు వచ్చినాక వంటగదికి ఇవ్వండి. ముందు రక్తం తక్కువ ఉన్న పిల్లల పళ్ళెంలో పిండాలి.

చదివినవాళ్ళకు ప్రశ్నలు

1. నిమ్మచెట్టుకు నీళ్ళు మొదట్లో ఎందుకు పొయ్యకూడదు?
2. ఊరగాయలో ఊట రావడానికి, యూరియా ఎక్కువై మొక్క ఎండడానికి పోలిక ఏమిటి?
3. పాముపొడ పురుగుకు, గజ్జి తెగులుకు సంబంధం ఏమిటి?
4. మీ తండాలో, మీ ఊరిలో చెట్ల గురించి చెప్పే మాట ఒకటి రాయండి. అది నిజమో కాదో ఎట్ల పరీక్ష చేస్తారు?

జవాబులు ఈ పత్రిక కింద కట్టిన కవర్లో వెయ్యండి. నాలుగో ప్రశ్నకు మంచి జవాబు వచ్చే నెల పత్రికలో రాస్తాం.

టీచర్ గారికి, ఆ రోజు రాయని సొంత వాక్యం ఇప్పుడు రాస్తున్నాను: "చెట్టు ఎండిపోతుంటే నేను నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాను, ఇక కూర్చోను."

రాసినది: 9వ తరగతి విద్యార్థిని